ఉత్తరమైనా, డబ్బయినా... ఆమె చేతికే అందాలి!

తపాలా శాఖను సంస్కరించాలి అన్న మాట వినబడగానే, అదేదో ఢిల్లీలో మంత్రులూ అధికారులూ తేల్చుకోవాల్సిన వ్యవహారం, మనకేం సంబంధం అనుకుంటాం. నిజమే, ఉత్తరాలు రాసుకునే రోజులు ఎటూ పోయాయి. కుశల ప్రశ్నలకు ఫోనుంది. ఫొటోలకు వాట్సాప్ ఉంది. చీర కావాలంటే కొరియర్ కుర్రాడు గుమ్మంలోకి తెచ్చిస్తాడు. టెలిగ్రాము 2013 జులైలోనే కన్నుమూసింది. ఇక వీధి మలుపులో ఆ ఎర్రడబ్బా ఉంటే ఎంత, ఊడిపోతే ఎంత?

అలా అనేసే ముందు ఒక్కసారి మీ ఇంట్లో బీరువా తెరిచి చూడండి. పాప పేరున కడుతున్న సుకన్య సమృద్ధి పాసుపుస్తకం, ఇంటిఖర్చుల్లోంచి మిగిల్చి నెలనెలా వేస్తున్న ఆర్.డి. పుస్తకం, మామగారు పోయాక అత్తగారి పేరున వేసిన నెలవారీ ఆదాయ పథకం కాగితాలు... ఇవన్నీ ఎక్కడివి? పోస్టాఫీసువే కదూ! ఉత్తరం పోయిందిగానీ పోస్టాఫీసు మన ఇళ్లలోంచి పోలేదు. పైగా చాలా ఇళ్లలో ఆడవాళ్ల పేరున, ఆడవాళ్ల చేతిలో ఉన్న డబ్బంటే అదొక్కటే. అందుకే దాన్ని ఏం చెయ్యబోతున్నారన్నది మనం పట్టించుకోవాల్సిన విషయమే.

ముందు శాఖ కష్టాలు చూద్దాం. దేశంలో లక్షా 64 వేలకు పైగా పోస్టాఫీసులున్నాయి. పదింట తొమ్మిది పల్లెల్లోనే. ఇంత పెద్ద తపాలా వ్యవస్థ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కానీ రాబడికీ ఖర్చుకీ పొంతన లేదు. 2018-19లో లోటు సుమారు 15 వేల కోట్ల రూపాయలని లెక్కలు వచ్చినప్పుడు దేశమంతా ముక్కున వేలేసుకుంది. వచ్చిన రాబడంతా జీతాలకూ పింఛన్లకే చాలని పరిస్థితి. పోస్టుకార్డు సంగతే తీసుకోండి. మనం దానికిచ్చేది అర్ధరూపాయి. దాన్ని చేర్చడానికి శాఖకు 2016-17లోనే 12 రూపాయలకు పైగా ఖర్చయింది. ఏ ఇల్లాలయినా ఇలా సంసారం నడిపితే ఎన్నాళ్లు నెగ్గుకొస్తుంది చెప్పండి?

అందుకే కొందరు ఇంత నష్టం ఎందుకు, ప్రైవేటుకు అప్పగించెయ్యండి, రాబడి లేని ఆఫీసులు మూసెయ్యండి అంటారు. ఇంకొందరు ఇది ప్రజల ఆస్తి, ఎవరూ ముట్టుకోవద్దు, ఎలా ఉన్నదాన్ని అలాగే ఉంచండి అంటారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? పెట్టుకోం. అలాగని ఎలుకల్ని మేపుతూ కూర్చుంటామా? అదీ చెయ్యం. ఇల్లు నిలవాలి, ఎలుకలు పోవాలి. ఎలాగన్నదే ప్రశ్న.

పొరుగు దేశాల అనుభవం

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లు ఉన్నారు. డెన్మార్క్‌లో ప్రభుత్వ తపాలా సంస్థ 2025 డిసెంబరు చివరన ఉత్తరాల బట్వాడా పూర్తిగా మానేసింది. 1624లో మొదలైన సేవ అలా ముగిసింది. ఈ శతాబ్దం మొదట్నుంచీ అక్కడ ఉత్తరాలు 90 శాతానికి పైగా తగ్గిపోయాయట. సరే, వాళ్లది అరవై లక్షల జనాభా ఉన్న చిన్న దేశం. ప్రభుత్వం రాసే కాగితాలు సైతం కంప్యూటర్లోనే అందుకుంటారు. మనకీ వాళ్లకీ పోలికేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, సొంతంగా వాడుకునే మొబైల్ ఫోను ఉందని చెప్పిన మహిళలు మన దేశంలో 54 శాతమే. మిగతావాళ్లకు వచ్చే సందేశం భర్త ఫోనుకో కొడుకు ఫోనుకో వస్తుంది. వాళ్లు చెబితే తెలుస్తుంది, చెప్పకపోతే లేదు. అలాంటి చోట తలుపు తట్టి పేరు పెట్టి పిలిచే మనిషి అవసరం తీరిపోయిందని ఎలా అనగలం?

బ్రిటన్ 2013లో తన రాయల్ మెయిల్‌ను ప్రైవేటుపరం చేసింది. పోటీ వస్తే పనితనం పెరుగుతుందన్నారు. ఏమైంది? ఉత్తరాలు వేళకు చేర్చలేదని అక్కడి నియంత్రణ సంస్థ 2023, 2024, 2025... వరసగా మూడేళ్లూ జరిమానాలు వేసింది. రెండో తరగతి ఉత్తరాలను రోజూ కాకుండా రోజు విడిచి రోజు పంచేందుకు 2025లో అనుమతీ ఇచ్చింది. అమ్మేసినంత మాత్రాన జబ్బు నయం కాదని దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది.

నష్టమా, బాధ్యతా?

మన ప్రభుత్వమే పెట్టుకున్న నిబంధన ఒకటి చాలామందికి తెలియదు. పల్లెలో కొత్తగా పోస్టాఫీసు తెరవాలంటే, అయ్యే ఖర్చులో మూడోవంతు రాబడి వస్తుందనుకుంటే చాలు. కొండ ప్రాంతాలు, గిరిజన ప్రాంతాలైతే 15 శాతం వచ్చినా చాలు. అంటే ఏమిటి? ఈ ఆఫీసులు లాభం కోసం కాదు, జనం కోసం అని తెలిసే పెట్టారన్నమాట. పాడేరు కొండల్లోనో ఉట్నూరు గూడేల్లోనో పోస్టాఫీసు పెట్టి లాభం ఎందుకు రాలేదని అడగటం, అంగన్‌వాడీకి వెళ్లి ఈ నెల ఎంత మిగిలిందని అడగటం లాంటిదే.

అందుకని లోటుని అసలు పట్టించుకోవద్దని కాదు. లెక్కలు విడదీసి చూపించమని అడగాలి. ప్రభుత్వం చెప్పిందని చేస్తున్న పని ఒక ఖాతాలో, పోటీపడి సంపాదించుకోవాల్సిన పని మరో ఖాతాలో ఉండాలి. మొదటి దానికయ్యే ఖర్చు బడ్జెట్లో పేరు పెట్టి బాహాటంగా ఇవ్వాలి. రెండోదానిలో శాఖ కొరియర్ వాళ్లతో సమానంగా పరుగెత్తాలి. అక్కడ నష్టం వస్తే అధికారులు జవాబు చెప్పాలి. రెండూ కలగాపులగంగా ఉన్నన్నాళ్లూ, అసమర్థత సేవ ముసుగులో దాక్కుంటుంది. సేవ కాస్తా నష్టం పేరుతో నిందలు మోస్తుంది.

ఇప్పుడున్న పద్ధతి మరీ చిత్రం. మూసేస్తామని ఎవరూ అనరు. కానీ ఖాళీలు నింపరు, గది బాగు చెయ్యరు, నెట్‌వర్కు లేదని చెప్పి చెప్పి జనాన్ని తిప్పుతారు. తిరిగి తిరిగి విసుగొచ్చి జనం రావడం మానేస్తే, చూశారా, ఎవరూ రావడం లేదంటారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే.

గడప దాకా వచ్చే బ్యాంకు

2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు దేశమంతటా మొదలైంది. ఆధార్ ఉన్న ఏ బ్యాంకు ఖాతాలోంచయినా వేలిముద్ర వేసి, పోస్టుమ్యాన్ దగ్గర ఇంటి గుమ్మంలోనే డబ్బు తీసుకోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో బస్సులు లేక, బ్యాంకు ఉన్న ఊరికి వెళ్లే దారి లేక చిక్కుకుపోయిన ఎందరికో ఈ డాక్ సేవకులే నోట్లు తెచ్చిచ్చారు. మందులూ చేర్చారు. పింఛనుదారులు ఏటా ఇవ్వాల్సిన బతికున్నట్టు ధ్రువపత్రం, అయిదేళ్లలోపు పిల్లల ఆధార్ నమోదు... ఇవీ ఇంటి దగ్గరే చేయించుకునే వీలుంది. నడవలేని వితంతువుకీ, చంటిపిల్లను ఎత్తుకుని మండలానికి పోలేని తల్లికీ ఇదెంత ఊరటో వేరే చెప్పాలా?

కానీ పథకం కాగితం మీద ఉన్నంత నున్నగా పల్లెలో నడవదు. బీడీలు చుట్టి, నాట్లు వేసి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్లను ఆ యంత్రం గుర్తు పట్టదు. ఒక్కోసారి డాక్ సేవకుడి దగ్గర చాలినంత నగదుండదు. సిగ్నల్ కోసం చెట్టు కిందికో మిద్దె మీదికో ఎక్కాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బు పోస్టాఫీసుల ద్వారా ఇచ్చిన రోజుల్లో వారాల తరబడి ఆలస్యమైన సంగతి పలుగూ పారా పట్టిన ఆడవాళ్లెవరినడిగినా చెబుతారు. తెలంగాణ పల్లెల్లో ఆసరా పింఛన్లనూ పోస్టాఫీసుల ద్వారా పంచుతూ వచ్చారు. అక్కడ పాతబడ్డ యంత్రమొకటి మొరాయించిందంటే, ఆ పూట ఎండలో కూర్చునేది అరవై దాటిన అవ్వలే. కాబట్టి సంస్కరణ అంటే పైన కొత్త పేరు, కొత్త బొమ్మ పెట్టడం కాదు. వేలిముద్ర పడకపోతే ముఖం చూసో, ఓటీపీ అడిగో ఇచ్చే ఏర్పాటు ప్రతి ఊళ్లో ఉండటం. పంచాల్సిన రోజున చాలినంత నగదు ఉండటం.

మరి ఆ ఉద్యోగిని సంగతి?

ఇవన్నీ మోస్తున్నది ఎవరు? గ్రామీణ డాక్ సేవకులు. 2025 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి చెప్పిన లెక్క ప్రకారం వాళ్లు 2 లక్షల 40 వేల మంది. తపాలాను పెద్ద ప్రభుత్వ రవాణా సంస్థగా మారుస్తామనీ, పల్లె ఆర్థిక వ్యవస్థకు ఊపు తెస్తామనీ ఆవిడే ప్రకటించారు. మంచిదే. ఆ బరువు పడేది వీళ్ల భుజాల మీదే. వీళ్లను పదో తరగతి మార్కులు చూసి, పరీక్ష లేకుండా ఎంపిక చేస్తారు. పదో తరగతిలో మన అమ్మాయిలే ముందుంటున్నారు కనుక, సైకిలెక్కి సంచీ తగిలించుకున్న పోస్టమ్మలు ఇప్పుడు ఊరూరా కనిపిస్తున్నారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది.

లోపలికి వెళ్లి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. వీళ్లది రోజుకు నాలుగైదు గంటల పని అని లెక్క. బ్రాంచి పోస్టుమాస్టరుకు నెలకు 12 వేలతో, సహాయకులకు 10 వేలతో మొదలు. దానికి కరువు భత్యం కలుస్తుంది. రెగ్యులర్ ఉద్యోగికుండే పింఛను లేదు. పైగా బ్రాంచి పోస్టుమాస్టరు ఆ ఊళ్లోనే కాపురం ఉండాలి. ఆఫీసుకు గది తనే చూపించాలి. బతకడానికి వేరే ఆదారువు ఉండాలి. పూర్వం ఊళ్లో పొలమూ పుట్రా, సొంతిల్లూ ఉన్న పెద్దమనిషి ఈ పని చేసేవాడు కాబట్టి ఈ నిబంధనలు ఆయనకు సరిపోయాయి. ఇప్పుడు శ్రీకాకుళం పిల్లకు చిత్తూరు జిల్లాలో ఉద్యోగం వస్తే, తెలియని ఊళ్లో ఆమెకు పొలమెక్కడిది? గదెవరిస్తారు? ఒంటరి ఆడపిల్లకు ఇల్లు అద్దెకివ్వడానికే వంద ప్రశ్నలడిగే ఊళ్లాయె! వచ్చేదాంట్లో తన అద్దె, ఆఫీసు అద్దె, తిండి పోతే ఆమెకు మిగిలేదెంత? సంచిలో ఇతరుల డబ్బు పెట్టుకుని పొద్దుగూకే వేళ ఒంటరిగా నడిచే ఆమెకు రక్షణేది?

ఈ ఉద్యోగులు ప్రభుత్వ సివిల్ పదవిలో ఉన్నవారేనని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. ఆ కేసు పేరే పి.కె. రాజమ్మ కేసు! ఆ తీర్పు తరవాత కమిటీలు వచ్చాయి. 1997లో తల్వార్ కమిటీ, 2016లో కమలేశ్ చంద్ర కమిటీ నివేదికలిచ్చాయి. 2018లో భత్యాలు పెరిగాయి కూడా. అయినా వీళ్లు అటు పూర్తి ఉద్యోగులూ కాదు, ఇటు కాంట్రాక్టు మనుషులూ కాదు. త్రిశంకు స్వర్గమే. బ్యాంకు పని, బీమా పని, ఆధార్ పని అన్నీ నెత్తిన పెట్టి గంటలు మాత్రం పాతవే లెక్కేస్తే అది సంస్కరణ అవదు. పని ఉన్నచోట పూర్తి పనివేళలు, పూర్తి జీతం ఇవ్వాలి. పంచాయతీ భవనంలోనో బడి ఆవరణలోనో దీపం, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఉన్న గది ప్రభుత్వమే చూపించాలి. లక్షల కోట్ల పొదుపును నమ్మి అప్పగించిన ఉద్యోగినికి కూర్చోవడానికి నాలుగు గోడలివ్వలేరా?

యంత్రం చెప్పిందే వేదమా?

కంప్యూటర్లు రావాలి. వద్దనేవాళ్లెవరూ లేరు. 2017 డిసెంబరులో మొదలైన దర్పణ్ పథకంతో పల్లె పోస్టాఫీసులకు చేతి యంత్రాలొచ్చాయి. కానీ ఇక్కడ బ్రిటన్ నేర్పిన గుణపాఠం ఇంకోటుంది. అక్కడి పోస్టాఫీసు సంస్థ హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ తెచ్చింది. లెక్కల్లో తేడా వస్తే తప్పు యంత్రానిది అయి ఉండొచ్చని ఒప్పుకోలేదు. డబ్బు మీరే తిన్నారని చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్ల మీద కేసులు పెట్టారు. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా దోషులుగా ముద్రపడ్డారు. వాళ్లలో ఒకరు సీమా మిశ్రా అనే భారత సంతతి మహిళ. 2010లో ఆమెను జైలుకు పంపినప్పుడు ఆమె గర్భవతి. ఆ రోజే పెద్దకొడుకు పదో పుట్టినరోజు. పదకొండేళ్లు అపనింద మోశాక, 2021లో కోర్టు ఆమె శిక్షను రద్దు చేసింది. లోపం యంత్రంలోనే ఉందని తేలింది.

మన దగ్గర అలాంటిది జరగకూడదంటే ఇప్పుడే జాగ్రత్త పడాలి. తేడా వచ్చినప్పుడు ఆ సేవకురాలి జీతంలో కోసెయ్యడానికో, సస్పెండ్ చెయ్యడానికో ముందు యంత్రాన్నీ పరీక్షించాలి. ఆ పరీక్ష శాఖతో సంబంధం లేని నిపుణులు చెయ్యాలి. నిజంగానే డబ్బు కాజేసినవాళ్లను మాత్రం వదలకూడదు. అది పేదరాళ్ల పొదుపు కాబట్టి.

పేరున్నవాళ్ల చేతికే!

2025లో రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. వేగం పెరుగుతుంది, ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది అన్నారు. కాదనం. అయితే ఈ రెంటికీ మధ్య ఒక తేడా ఉండేది. రిజిస్టరు ఉత్తరం ఎవరి పేరున వస్తే వారికే ఇవ్వాలి. స్పీడ్ పోస్టు ఆ చిరునామాలో ఎవరున్నా ఇవ్వచ్చు. ఇది చిన్న తేడా అని మగవాళ్లు అనుకోవచ్చు. మనకు మాత్రం కాదు. కోడలికి వచ్చిన ఇంటర్వ్యూ ఉత్తరం, పుట్టింటి ఆస్తి గురించిన నోటీసు, మనోవర్తి కేసులో కోర్టు కాగితం... ఇవి గుమ్మంలో ఇంకెవరి చేతిలోనో పడి ఏ అటక మీదో చేరితే ఎన్ని జీవితాలు దారి తప్పుతాయో మీకు తెలియంది కాదు. గడువు దాటాక తెలిస్తే ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

శాఖ ఈ సంగతి పూర్తిగా మర్చిపోలేదు. స్పీడ్ పోస్టుకు అయిదు రూపాయలు, దాని మీద పన్ను అదనంగా కడితే పేరున్న మనిషికే ఇచ్చే రిజిస్ట్రేషన్ సౌకర్యం ఉంచింది. కానీ అడిగితేనే! అందుకని ముఖ్యమైన కాగితం పంపేటప్పుడు కౌంటర్లో 'రిజిస్ట్రేషన్ కూడా చెయ్యండి' అని తప్పక అడగండి. కోర్టు కాగితాలకూ ఉద్యోగ పిలుపులకూ అది అదనపు సొమ్ము లేకుండానే వర్తించాలని మనమంతా కోరాలి. పాతది తీసేటప్పుడు దానితో ఎవరికి ఏం పోతుందో ముందుగా ఆలోచించకపోతే ఎలా ఉంటుందో పుస్తకాల విషయంలోనూ చూశాం. రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశారు. చదువరులూ ప్రచురణకర్తలూ గోల పెట్టాక, 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ పేరుతో పుస్తకాలకు మళ్లీ తక్కువ రుసుము సేవ తెచ్చారు.

సంపాదించే దారులూ ఉన్నాయి

ఎంతసేపూ ఖర్చేనా, రాబడి మాటేమిటి అంటారా? దానికీ దారుంది, అందులోనూ ఆడవాళ్లున్నారు. మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన కింద ఇల్లిల్లూ తిరిగి ఆర్.డి.లు కట్టించే మహిళా ఏజెంట్ల పద్ధతి 1972 నుంచీ ఉంది. 2011లో మిగతా పథకాల కమీషన్లు తగ్గించినప్పుడూ వీళ్ల 4 శాతం జోలికి పోలేదు. ఎందుకంటే చిల్లర డబ్బుని పొదుపుగా మార్చే నేర్పు వీళ్లదే. అలాగే 2022 నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు వచ్చాయి. చిన్న ఉత్పత్తిదారుల సరుకును విదేశాలకు పార్సిల్ చెయ్యడానికి కాగితాల పనితో సహా సాయపడే ఈ కేంద్రాలు దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి. పెడన కలంకారీ, పోచంపల్లి ఇక్కత్, కొండపల్లి బొమ్మ, డ్వాక్రా సంఘాల పచ్చళ్లూ పొడులూ... అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లకు నేరుగా పోవచ్చు. కానీ ఈ కేంద్రం ఎక్కడుందో ఎన్ని సంఘాలకు తెలుసు? దుకాణం తెరిచి తలుపు మూసుకుని కూర్చుంటే బేరం ఎలా వస్తుంది? పార్సిళ్ల వ్యాపారంలో శాఖ సంపాదించాల్సింది ఇక్కడే.

ఇప్పుడు మన వంతు. పోస్టాఫీసులో ఖాతా ఉన్న ప్రతి ఇల్లాలూ ఆ ఖాతాకు తన సొంత ఫోను నంబరే ఇచ్చిందో లేదో చూసుకోవాలి. డబ్బు ఇచ్చిన ప్రతిసారీ పాసుపుస్తకంలో నమోదు చేయించుకోవాలి. తెలిసినవాళ్లేలే అని ఊరుకోకూడదు. మీ ఊరి బ్రాంచి పోస్టాఫీసు ఎక్కడుంది, తెరిచే వేళలేమిటి, అందులో పనిచేసే అమ్మాయికి గదుందా లేదా అన్నది గ్రామసభలో అడగాలి. మహిళా సర్పంచులు, వార్డు సభ్యులు మనకు కొదవ లేరు. పంచాయతీ భవనంలో ఒక గది ఇవ్వడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

1898 నాటి పాత చట్టం పోయి 2023 పోస్టాఫీసు చట్టం వచ్చింది. అది 2024 జూన్ 18 నుంచి అమల్లో ఉంది. సేవలో లోపం జరిగితే శాఖకు బాధ్యత లేదనే పాత ధోరణి కొత్త చట్టంలోనూ పెద్దగా మారలేదు. రేపు ఎన్ని కమిటీలు కూర్చున్నా, ఎన్ని కొత్త పేర్లు పెట్టినా మనం అడగాల్సింది ఒక్కటే. మా పేరున వచ్చిన కాగితం మా చేతికే వస్తుందా? మా డబ్బు మా గడప దగ్గర, మేం అడిగిన రోజున దొరుకుతుందా? దాన్ని తెచ్చిచ్చే అమ్మాయి గౌరవంగా బతకగలుగుతుందా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగే సంస్కరణ ఏదైనా సరే, రానివ్వండి. చెప్పలేనిది ఎంత ఆర్భాటంగా వచ్చినా మనకు అక్కర్లేదు!